ఖాళీ అని రాసిన తుపాకి

మా మేనమామ పోయిన శుక్రవారం తెల్లవారుజామున ఉబ్బసంతో మరణించినట్లు అత్త రాయించిన కార్డు నిన్న అందింది. తుపాకికీ ఈ మరణానికీ ఎట్టి సంబంధమూ లేదని కార్డు చివర ప్రత్యేకంగా చేర్చి ఉంది. ఆ వివరణ అవసరమే. చేతిలో తుపాకి లేకుండా పోయి నాలుగేండ్లయినా ఊరు ఆయనను తుపాకాయన అనే పిలిచేది. అటువంటివాడు మంచం మీద పోయాడని నమ్మాలంటే ఊరికి లిఖితపూర్వకమైన ఆధారం ఉండాలి.

ఆయనకు కడప జిల్లాలో కొండల అంచున ఆరెకరాల చెనిక్కాయ చేను ఉండేది. ఆ చేనుకు ఆయన పట్టాదారు, అడవిపందులు అనుభవదారులు. ఈ వివాదంలో ఆయన పక్షాన నిలిచింది ఒక పాతరకం తుపాకి. దాని మూతిలో కొలత ప్రకారం మందు పోసి, కొబ్బరిపీచు ఉండ పెట్టి, సీసపు గుండ్లు వేసి, మళ్ళీ పీచు పెట్టి, ఒక్కొక్కటీ ఇనుపకడ్డీతో దట్టించాలి. వెనుక ఉన్న చిన్న మొనకు రాగి టోపీ తొడగాలి. మీట నొక్కితే సుత్తి టోపీ మీద పడుతుంది; టోపీలో పుట్టిన నిప్పును లోపలి మందు అందుకుంటుంది. అందుకోకపోవడమూ కద్దు.

పేల్చిన పూటే తుపాకి కడగడం ఆయన నియమం. కాగే నీళ్ళు గొట్టంలో పోస్తే మొదట సిరా వంటి నీళ్ళు వచ్చేవి, తరువాత బూడిదరంగువి, చివరకు తాగదగినంత తేటనీళ్ళు. తాగదగినంత అన్నది అలంకారం కాదు. ఒకసారి అత్తతో పందెం కట్టి తాగి చూపించాడు. ఆపైన కడ్డీకి గుడ్డ చుట్టి తుడవడం, ఎండలో పెట్టడం, ఆముదం పట్టించడం.

"నా చెంబులు ఇట్ల తోమింటే ఈపాటికి ఎండివయ్యుండు," అనేది అత్త.

"నీ చెంబు మురికైతే ఎవురూ చావరులేవే," అనేవాడాయన.

సుత్తి పడీ పేలని తుపాకి విషయంలో ఆయన నియమం ఇంకా కఠినం. మూతి ఆకాశానికెత్తి, ఒక వక్కాకు పూర్తిగా నమిలేదాకా కదలకుండా నిలబడేవాడు. ఎదురుగా పంది వేరుసెనగ గింజలు నములుతున్నా సరే, ఇద్దరూ నములుతూనే ఉండేవారు. "పేలిన దాంతో ఏం భయంల్యా అల్లుడూ," అని నాతో అనేవాడు. "పేలకుండా ఉండాది సూడు, దాంతోనే శానా పని."

కర్నూలు రాజధాని అయిన కొత్తలో, లైసెన్సు తిరగరాయించే నిమిత్తం ఆయన తాలూకా కచేరీకి వెళ్ళాడు. ఏ తాలూకా అన్నది అప్రస్తుతం. ఫారాలు పూరించడానికి పట్టభద్రుణ్ణయిన నేను వెంట ఉన్నాను. కొత్తగా వచ్చిన డిప్యూటీ తహసీల్దారు గారు, తుపాకి పనిచేస్తుందో లేదో కచేరీ వెనుక దొడ్లో పేల్చి చూపమన్నారు. మూడు రోజులుగా ముసురు. సుత్తి పడింది, టోపీ చెమ్మగిల్లి ఉన్నందున పేలలేదు. మామ మూతి పైకెత్తి వక్కాకు నోట్లో వేసుకున్నాడు.

ప్రభుత్వానికి అంత వ్యవధి లేదు. డిప్యూటీ గారి సైగతో బిళ్ళబంట్రోతు తుపాకి లాక్కుని దాని మడమ నేలకానించాడు. డిప్యూటీ గారు లోపల ఏముందో స్వయంగా తనిఖీ చేసే ఉద్దేశంతో మూతి మీదికి వంగి ఒక కన్ను మూశారు. మామ ఆయన్ను రెండు చేతులా తోశాడు. ఆయన తలపాగాతో సహా బురదలో పడ్డారు. అందరమూ తుపాకి వైపు చూశాము. పేలలేదు.

పేలి ఉంటే మామ ప్రాణదాత అయ్యేవాడు. పేలనందున ముద్దాయి అయ్యాడు.

పేలని తుపాకిలో మందు ఉండదని డిప్యూటీ గారి సిద్ధాంతం. ఆ ప్రకారమే ఖాళీ తుపాకి తెచ్చి, విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగిపై చేయి చేసుకున్నాడని రాశారు. తుపాకి సుత్తిని టోపీ మీద ఉన్నది ఉన్నట్లే గుడ్డతో చుట్టి, ముడుల మీద లక్క సీళ్ళు వేసి, 'ఖాళీ' అని చీటీ కట్టి రికార్డు గదిలో పెట్టించారు. సబ్ కలెక్టరు గారి ముందు విచారణ. రుజువైతే జైలు. విచారణనాడు తుపాకి విప్పి అందులోని మందు చూపిస్తే చాలు, తోయడానికి కారణం ఉందని తేలుతుందని నేను అర్జీ రాశాను. మామ పక్షాన ఉన్న ఏకైక సాక్షి ఆ మందే.

విచారణ నాటికి ఎండలు ముదిరాయి. సబ్ కలెక్టరు గారు ఇంకా రానందున మామనూ నన్నూ రికార్డు గదిలో నిలబెట్టారు. అక్కడ తుపాకి ఒక చెక్క అరలో అడ్డంగా పడుకుని ఉంది. దాని మూతికి రెండడుగుల దూరంలో రికార్డు గుమాస్తా వీపు. సుత్తి మీది గుడ్డకు వేసిన సీలు పగిలినట్లు డిప్యూటీ గారు అప్పుడే కనుగొన్నారు. పై అధికారి వచ్చేలోగా కొత్త సీలు వేయమని ఆజ్ఞాపించారు. బంట్రోతు లక్కముక్క, వెలిగించిన కొవ్వొత్తి తెచ్చాడు.

"సామీ, దాన్లో మందు ఉండాది," అన్నాడు మామ. "టోపీ గూడా ఆరిపోయుంటాది. నిప్పు తేవద్దు."

"రికార్డులో ఖాళీ అని ఉంది," అన్నారు డిప్యూటీ గారు.

"నేను దట్టించింది రికార్డును కాదు సామీ, తుపాకిని."

డిప్యూటీ గారు బంట్రోతుకు కానిమ్మని సైగ చేశారు. మామ గుమాస్తా వైపు తిరిగాడు. "నాయనా, రొంత ఆ పక్కకు జరుగు."

గుమాస్తా తల ఎత్తలేదు. "జరిగేదానికి తావు యాడుండాదప్పా? ఆ పక్కంతా అడంగళ్ళ కట్టలు."

"పిల్లోళ్ళు ఎంతమంది?"

"నలుగురు. యాల?"

"ఊరికే."

మామ చూపు కిటికీలోని మంచినీళ్ళ కూజా మీదికి పోయింది. నాకు అర్థమై ఆయన పైగుడ్డ పట్టుకున్నాను. "మామా, అది తడిస్తే మనకు సాక్షి ల్యా. సబ్ కలెక్టరు వచ్చేదాకా ఓర్చుకో."

"నీ చదువు నిజమే అల్లుడూ. అయితే ఆ గుడ్డకు నిప్పు తగిలితే, సాక్షి ఆయప్ప వచ్చేలోపలే మాట్లాడతాది."

కొవ్వొత్తి అరను సమీపించింది. మామ బంట్రోతు మణికట్టు పట్టి పక్కకు తీశాడు. తుపాకిని పసిబిడ్డను ఎత్తినట్లు రెండు చేతుల మీద తీసుకుని, ఎక్కడా తగలకుండా మెల్లగా నిలబెట్టి, కూజాలోని నీళ్ళు మూతిలో పోశాడు. కూజా వట్టిపోయేదాకా ఆపలేదు. పీచు ఉండల గుండా నీళ్ళు దిగడానికి చాలాసేపు పట్టింది. తరువాత సుత్తి మీది గుడ్డ నల్లబడి, చుక్కలు రాలడం మొదలైంది. డిప్యూటీ గారు తుపాకి లాక్కున్న ఊపుకు ఆ నీళ్ళు గుమాస్తా తెల్లచొక్కా మీద చిందాయి.

"చూశావా, ఎంత మురికో," అన్నారు డిప్యూటీ గారు.

"చిత్తం," అన్నాడు బంట్రోతు.

సబ్ కలెక్టరు గారు వచ్చారు, చదివారు, గొట్టంలో గుండ్లు వెదికించకుండానే పది నిమిషాల్లో ముగించారు. సీలు వేసిన వస్తువును తాకినందుకు, ఉద్యోగిని తోసినందుకు పదిహేను రోజుల జైలు. నీళ్ళు పోయగా విశేషమైన మురికి వెలువడినందున, తుపాకిని శుభ్రంగా ఉంచుకోలేదన్న కారణంతో లైసెన్సు రద్దు. జైలు మాటకు మామ తల ఊపాడు. మురికి మాటకు మాత్రం నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు.

అప్పీలు చేద్దామని నేనంటే ఆయన ఒప్పుకోలేదు. చేనును మరుసటి ఏడు పందులు నిరభ్యంతరంగా అనుభవించాయి. ఆ గదిలో నేను కూడా ఉన్నాననీ, నా అర్జీ కంటే ఆయన కూజాయే నన్ను కాపాడి ఉండవచ్చుననీ నాకు తట్టడానికి కొన్నేళ్ళు పట్టింది. ఆ మాట ఆయనతో అనలేకపోయాను.

కార్డు చదివినప్పటి నుంచి కళ్ళ ముందు ఆ కచేరీ వసారానే కనిపిస్తోంది. మామ పక్కన పోలీసు నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోతూ గుమాస్తా ఆగాడు.

"ఏమప్పా, నా చొక్కా పాడు చేస్తివే."

"ఉతికితే పోతాదిలే నాయనా. పోయి అన్నం తిను."

గుమాస్తా గొణుక్కుంటూ మెట్లు దిగాడు. "పాదాం పా," అన్నాడు పోలీసు. "రొంతసేపు ఉండప్పా," అన్నాడు మామ. తెల్లని ఎండలో, ఖాళీ వీధి వెంట, నల్లచుక్కలు పడిన ఆ వీపు నడిచిపోతూ ఉంది. అది మలుపు తిరిగేదాకా మామ అక్కడి నుంచి కదలలేదు.