అమావాస్య పోటు సూసినావా?

మా డ్రాఫ్ట్స్‌మన్ గారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను పోర్ట్ బ్లెయిర్ చాతం జెట్టీలో, హార్బరు అవతలి బాంబూఫ్లాట్‌కి వెళ్ళే ఫెర్రీ కోసం నిలబడి, ఫోనులో ఒక విల్లా ప్రకటన దిద్దుతున్నాను. ‘ప్రశాంతమైన’ అన్న మాట అప్పటికే రెండుసార్లు పడింది. మూడోచోట ఏం పెట్టాలా అని చూస్తుంటే తెర పైభాగాన ఆయన కూతురి మెసేజి కనబడింది. మాటలు తెలుగువే, అక్షరాలు ఇంగ్లీషువి. నాన్న పొద్దున్నే పోయారు దీదీ, అని.

నిజం చెప్పాలంటే ఆ రోజు నేను వెళ్తున్నది ఆయన దగ్గరికి కాదు. అవతల గుట్ట మీద ఇంకో ఇల్లు చూడటానికి. దారి మాత్రం ఆయన గేటు ముందు నుంచే. నాలుగు నెలలుగా ఆ గేటు ముందు నుంచి వెళ్తూనే ఉన్నాను, ఒక్కసారీ ఆగలేదు.

మన తెలుగు సంఘం వాళ్ళు ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. కూర్చుంటే చేతికొచ్చే మాటలన్నీ నేను ఇళ్ళు అమ్మడానికి వాడినవే. అరుదైన, అపురూపమైన, సాటిలేని, మనసుకు హాయినిచ్చే. పదేళ్ళుగా ఖరీదైన ఇళ్ళకి వాడి వాడి అరిగిపోయిన మాటలు ఆయనకి ఎలా పెట్టను? పెడితే ఆయన కళ్ళజోడు ముక్కు కొసకి జార్చి అడిగే ప్రశ్న నాకు తెలుసు. ‘అరుదు అంటే ఏటమ్మా? ఎవులు సూసినారు?’

మీలో చాలామంది ఇళ్ళ ప్లాన్లు ఆయన గీసినవే. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో ప్రభుత్వ ఉద్యోగానికి వచ్చి, డ్రాఫ్ట్స్‌మన్‌గానే రిటైరై, ఇక్కడే ఉండిపోయారు. ఊళ్ళో అందరికీ డ్రాఫ్ట్స్‌మన్ గారు. నాకు బాబాయి. చుట్టరికమేమీ లేదు. కాలేజీలో కాంట్రాక్టు ఉద్యోగం పోయి, చదివిన ఎం.ఏ. ఎందుకూ పనికిరాక, హైదరాబాదు వాళ్ళకీ వైజాగు వాళ్ళకీ సముద్రం పక్కన విల్లాలు అమ్మే ఆఫీసులో ప్రకటనలు రాయడానికి నేను చేరినప్పుడు, అక్కడ కొలతలు తీసే పనికి ఆయన అప్పటికే వస్తున్నారు. చొక్కా జేబులో పోటుపాట్ల వేళలుండే చిన్న టైడ్ టేబుల్ పుస్తకం, చంకలో మడత స్టూలు, చేతిలో టేపు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు కుళాయి తిప్పేవారు. తర్వాత పక్కింటివాళ్ళతో మాట్లాడేవారు. ఆ తర్వాత స్టూలు వేసుకుని ఊరికే కూర్చునేవారు. గంట, రెండు గంటలు. నాకు విసుగొచ్చేది. ఇంటిని కొలవాలి గానీ దానితో కాపురం చెయ్యాలా అనిపించేది.

మొదటి ప్రకటన ఆయనకి చూపించిన రోజు బాగా గుర్తు. నాలుగు పడకగదులు, ఇటాలియన్ మార్బుల్, అద్భుతమైన సముద్ర దృశ్యం అని రాశాను. ఆయన చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నన్ను మళ్ళీ ఆ ఇంటికి తీసుకెళ్ళారు. ప్రతి కిటికీ దగ్గరా నిలబెట్టారు. హాల్లోంచి చూస్తే సగం సముద్రం, సగం పక్కింటి నల్ల వాటర్ ట్యాంకు. పెద్ద పడకగదిలోంచి కొబ్బరాకులు. వంటగదిలో గిన్నెలు కడిగే చోట నిలబడినప్పుడు మాత్రం హార్బరంతా ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చింది.

“ఇదిగో, ఇక్కడుంది నీ అద్భుతం. ఇది రాయి. గదులెన్నో ఎవులైనా లెక్కెట్టుకుంటారు.”

నేను మళ్ళీ రాశాను. గిన్నెలు కడుగుతూ తలెత్తితే సాయంత్రం నాలుగున్నర ఫెర్రీ ఎండలో దాటిపోవడం కనిపిస్తుంది అని. కింద ఆయన చెప్పి రాయించిన ఇంకో వాక్యం, మునిసిపాలిటీ నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి అని. అది ఆయన నియమం. ప్రతి ప్రకటనలోనూ ఒక లోటు ఉండాలి. ‘ఒకటి దాచలేదని తెలిస్తే మిగిలినవి నమ్ముతారమ్మా’ అనేవారు. మా యజమాని మొహం మాడ్చుకున్నాడు గానీ ఇల్లు నెల తిరక్కుండా అమ్ముడుపోయింది. కొన్నావిడ ఫోన్ చేసి అడిగింది ఆ వంటగది కిటికీ గురించే.

ఇంత మాత్రం చెప్పి ఆపేస్తే ఇది కూడా నేను రాసే ప్రకటనల్లో ఒకటవుతుంది. లోటు కూడా చెప్పాలి. ఆ లోటు ఆయనది కాదు, నాది.

ఆయన నన్ను ఏ ఇంటికి పంపినా, వెళ్ళొచ్చాక అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ఏ తిథినాడు వెళ్ళావు? పెళ్ళిచూపులకా బాబాయీ అని వేళాకోళం చేసేదాన్ని. అష్టమి అటూ ఇటూ సముద్రం అంత పొంగదు, అంత వెనక్కి తియ్యదు, ఎవరికైనా మంచిదానిలాగే కనబడుతుంది. దాని సంగతి అమావాస్య, పౌర్ణమి పోటుకి తెలుస్తుంది. ‘పోటు సూడకుండా రాయకమ్మా’ అని ఎన్నిసార్లు చెప్పారో.

సిప్పీఘాట్ ఇంటికి నేను అష్టమి నాడు వెళ్ళాను. ఫోటోలు తీసే అతను ఆ రోజే ఖాళీగా ఉన్నాడని. తెల్లటి ఇల్లు, మెట్లకి దూరంగా నిశ్చలంగా నీళ్ళు. ఇంటి ముందే సముద్రం అని రాశాను, నాకే బాగా నచ్చింది. వారం తర్వాత అమావాస్యకి బాబాయి ఒక్కరే వెళ్ళొచ్చారు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. నా బల్ల ముందు స్టూలు వేసుకుని చెప్పారు, ఆ నీళ్ళున్న చోట ఒకప్పుడు వరి పండేదని, సునామీ నాడు నేల కుంగి సముద్రం లోపలికొచ్చిందని, పాటు బాగా తీసినప్పుడు పాత పొలం గట్లు ఇంకా కనబడతాయని. అమావాస్య పోటుకి నీళ్ళు మూడో మెట్టు దాకా వచ్చాయి. నేను ఆ మాటే చివర చేర్చాను, నెలకి రెండుసార్లు పెద్ద పోటుకి నీరు మూడో మెట్టుని తాకుతుంది అని.

మా యజమాని ద్వీపంలోనే పుట్టి పెరిగినవాడు, మనవాడే. చదివి నవ్వాడు.

“మేడమ్, ఈ లైన్ హటాయించండి. ఇది చూస్తే కస్టమర్ షిప్పెక్కకముందే భాగ్ జాతాడు.”

నేను తీసేశాను. వాదించలేదు, రెండోసారి అడగనైనా అడగలేదు. ఉద్యోగం భయమో, అంత అందంగా కుదిరిన ప్రకటన చివర తడి మెట్టు నాకే నచ్చలేదో, ఇప్పటికీ తేల్చుకోలేను. బాబాయి ఎదురుగానే ఉన్నారు. స్టూలు మడిచి, టైడ్ టేబుల్ జేబులో సర్దుకుని జెట్టీకి వెళ్ళిపోయారు. మరి ఆఫీసుకి రాలేదు. ఫోన్ చేస్తే మోకాళ్ళ నొప్పులమ్మా అన్నారు.

ఆయన మీద నాకు కోపం ఉండేది. ఈ మాట నివాళిలో రాయకూడదేమో. ఒక్కసారి తిట్టి ఉంటే నేనూ ఒకటి అనేదాన్ని, అక్కడితో తీరిపోయేది. తిట్టని మనిషితో ఎలా రాజీ పడాలి?

ఆ ఇల్లు కొన్నది హైదరాబాదు నుంచి వచ్చిన భార్యాభర్తలు. దిగిన మొదటి అమావాస్యకే ఆమె నాకు ఫోన్ చేసింది. ప్రకటన కింద నా నంబరే ఉంటుంది కదా.

“ఇంటి ముందే సముద్రం అని రాశారు. ఇంట్లోకి అని రాయలేదేమండీ?”

ఆమె నవ్వుతూ అడిగిందా ఏడుస్తూ అడిగిందా తెలియలేదు. మోటారు మునిగిందట. నేను యజమాని నంబరిచ్చి ఫోన్ పెట్టేశాను. ఆ సంగతి బాబాయికి చెప్పడానికి మొహం చెల్లలేదు. అప్పటి నుంచే ఆయన గేటు ముందు ఆగడం మానేశాను.

ఆయన పోయిన రోజు వాళ్ళింటి వరండాలో, వచ్చినవాళ్ళ మధ్య నాకు కనబడింది సిప్పీఘాట్ ఇల్లు కొన్న ఆమే. ఏమంటుందోనని గోడ వైపు జరిగాను. తనే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నాలుగు నెలలుగా ప్రతి అమావాస్యకీ పౌర్ణమికీ ఆయన ఫెర్రీ ఎక్కి, అక్కణ్ణుంచి బస్సు మారి వాళ్ళింటికి వచ్చారట. స్టూలు వేసుకుని నీళ్ళు ఎక్కడిదాకా వస్తున్నాయో చూసి, మెట్లు ఎత్తు చేయించి, మోటారు దిమ్మె పైకి మార్పించి, నీళ్ళు మళ్ళించే కాలవకి ప్లాను గీసిచ్చారట. పైసా ముట్టలేదట.

“మీరే పంపారని చెప్పారండీ. ఆ రోజు ఫోన్‌లో మీ మీద విసుక్కున్నాను, ఏమీ అనుకోకండి.”

నేను కాదనలేదు. అవుననీ అనలేదు. నోరు తెరిస్తే ఆయన చెప్పింది అబద్ధమైపోతుంది. ఇన్నేళ్ళూ ఒక్క మాట పెంచి రాయనివ్వని మనిషి నా కోసం అబద్ధమాడి, దాన్ని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. కృతజ్ఞతే అనాలి దీన్ని. కానీ నాకు మాత్రం ముల్లులాగే గుచ్చుకుంటోంది. మోకాళ్ళ నొప్పులని చెప్పి, ఆ మోకాళ్ళతోనే నెలకి రెండుసార్లు హార్బరు దాటారు. నాలుగు నెలలు. నేను గేటు ముందు నుంచి తల తిప్పుకుని వెళ్ళిన అవే నాలుగు నెలలు.

పదకొండో రోజు దాటాక ఆయన కూతురు ఫోన్ చేసింది. ఆమెకి ఇటు పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగం, క్వార్టర్సు. రోజూ హార్బరు దాటి ఆ ఇల్లు చూసుకోవడం కుదరదు. అమ్మేద్దామనుకుంటోంది. మా యజమాని అప్పటికే ఆమెతో మాట్లాడేశాడు, ‘హార్బర్ వ్యూ హెరిటేజ్ విల్లా’ అని పేరు కూడా పెట్టేశాడు. ప్రకటన నేనే రాయాలని ఆమె కోరిక. తెలుగు తనకి మాట్లాడటం వచ్చు గానీ రాయడం రాదు కదా, నాన్న ఉంటే దీదీ చేతే రాయించేవారు కదా అంది.

తిథి చూసుకున్నాను. అమావాస్యకి రెండు రోజులుంది. అమావాస్య నాడే వస్తానన్నాను.

వెళ్ళేసరికి రంగులేసేవాళ్ళు పనిలో ఉన్నారు. ముందు గోడ సగం తెల్లగా మెరుస్తోంది. ఆయన స్టూలు వరండాలో తలుపు వెనకే ఉంది. తెచ్చి గేటు లోపల వేసుకుని కూర్చున్నాను. కూర్చున్నాకే చూశాను, ఇన్నిసార్లు ఆ గేటు తీసి వేసి ఎన్నడూ చూడనిది. ఎర్రటి పడౌక్ చెక్క స్తంభం మీద, కింద నుంచి పైకి, మేకుతో గీసిన గీతలు. ప్రతి గీత పక్కనా నెల, సంవత్సరం అంకెలు. సునామీ తర్వాత నుంచి ఏ ఏడాది పెద్ద పోటు ఎక్కడిదాకా వచ్చిందో ఆ గీతలు. పిల్లలు ఎదుగుతుంటే గోడ మీద గుర్తు పెడతామే, అలా. ఏ గీతా కిందటి ఏటి గీత కంటే కిందికి లేదు.

ఊళ్ళో ఇళ్ళన్నిటికీ లోటు వెతికిన మనిషి తన ఇంటి లోటుని గేటుకే చెక్కి పెట్టుకున్నారు. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

కూతురు టీ తెచ్చింది. స్తంభం చూపించాను. ఆమెకి తెలుసు, చిన్నప్పటి నుంచి చూస్తున్నదే.

“ఆజ్ తో దీనికీ పెయింట్ పడిపోతుంది దీదీ. నాన్న అందరిళ్ళకీ లోటు రాయించారు. అందుకని మా ఇంటికీ రాస్తావా? నాకు ఈ ఇల్లు ఒక్కటే కదా.”

ఆమెని తప్పు పట్టలేను. ఆ లైను రాస్తే కొనేవాళ్ళు తగ్గుతారు, నష్టం ఆమెకే. రాయకపోతే, ఏదో అమావాస్యకి ఇంకెవరో ఇంకెవరికో ఫోన్ చేస్తారు, ఈసారి ఫెర్రీ ఎక్కి వెళ్ళడానికి ఆయన లేరు. రెండూ చెప్పాను. ఎంత సూటిగా చెప్పానో నాకే అనుమానం. పోటు అయ్యేదాకా ఆగు, ఆ తర్వాత నీ ఇష్టం అన్నాను. ఆమె టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పది గంటలకి నీళ్ళు రోడ్డు దాటాయి. హడావిడి లేదు, చప్పుడు లేదు. గేటు కిందనుంచి పలచగా వచ్చి నా చెప్పుల్ని తడిపి, స్తంభం చుట్టూ చేరి, ఒక్కో గీతనీ ముంచుతూ పైకి వచ్చాయి. అన్నిటికన్నా పై గీతకి వేలెడు కిందుగా నిలబడ్డాయి.

ఆ ఇంటి ప్రకటన రాసిచ్చాను. హార్బరు గురించి ఒక వాక్యం, పోటు గురించి ఒక వాక్యం, స్తంభం ఫోటో అన్నిటికంటే ముందు. ఈసారి ఆ లైను తీసేస్తే ఇక రాసేందుకు ఇంకొకరిని చూసుకోమని యజమానికి చెప్పాను. అతనింకా జవాబివ్వలేదు. చెప్పాల్సిన మాట చెప్పాల్సిన మనిషి ఉన్నప్పుడు చెప్పలేదన్న చిరాకు మాత్రం ఏ ప్రకటనతోనూ పోదు.

ఆ అమావాస్య పొద్దున, పోటు నిలబడ్డాక, రంగులేసేవాళ్ళలో ఒకతను డబ్బా పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి కూతురు మెట్లు దిగి వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, నీళ్ళలో నిలబడి, స్తంభం వైపు చాలాసేపు చూసింది. తర్వాత అతనితో మెల్లగా అంది.

“భయ్యా, ఇసే రెహ్‌నే దో.”

అతను కుంచె దించాడు. అటూ ఇటూ గోడ తెల్లగా ఉంది. మధ్యలో ఎర్రటి స్తంభం, దాని మీద ఆయన గీతలు. నీళ్ళు మెల్లగా తీస్తుంటే, పై నుంచి ఒక్కొక్కటే బయటపడుతున్నాయి.