నాయన చెప్పిన ఆరు అంకెలు

మా ఇంటికి ఒకే ఒక ఫోన్ ఉండేది. అయితే అది ఇంట్లో ఉండేది కాదు, గొర్రెల వెంట ఉండేది. ఎండలు ముదిరాక బెళుగుప్ప చుట్టుపక్కల గడ్డిపోచ కూడా దొరకదు. అప్పుడు నాయన రెండు వందల గొర్రెలను తోలుకొని గార్లదిన్నె వైపు, కాలువ నీళ్ళు పారే పొలాలకు పోయేవాడు. ఎరువు కోసం రైతులు పిలిస్తే ఒక్కో పొలంలో నాలుగు రోజులు మంద ఆపుకుంటూ, వానలు పడ్డాక గానీ ఇంటిముఖం పట్టేవాడు కాదు. ఫోన్ ఆయన చొక్కా జేబులో, ఆయనతోనే పోయేది.

అది బటన్ల ఫోన్. నాయనకు చదువు రాదు. పచ్చ బటన్ నొక్కితే మాట వస్తుంది, ఎర్ర బటన్ నొక్కితే ఆగిపోతుంది, ఆయనకు తెలిసిన ఫోన్ విద్య అంతే. పొలాల్లో చార్జింగ్ పెట్టుకోవాలంటే మోటారు కొట్టం దొరకాలి, అందులో కరెంటూ ఉండాలి. అందుకని రోజంతా ఆఫ్ చేసి పెట్టి, మధ్యాహ్నం గొర్రెలు నీడకు పండుకునే వేళ ఒక గంట మాత్రం తెరిచేవాడు. బతుకైనా చావైనా మేము ఆ గంటలోనే చెప్పుకోవాలి.

మా పెదనాయనది వేరే లోకం. గోడ అవతలి ఇల్లు ఆయనది. ఆయన చేతిలో పెద్ద స్మార్ట్‌ఫోన్. పొద్దున లేచింది మొదలు అరుగు మీద కూర్చొని వీడియోలు చూసేవాడు, వీధి మొత్తానికి వినిపించేవాడు. ఆయనే మమ్మల్ని చూసి, "ఆడపిల్ల చేతికి ఫోన్ వచ్చిందంటే ఆ ఇల్లు చెడినట్లే" అనేవాడు.

నాకు ఒళ్ళు మండేది. మా పదో తరగతి వాళ్ళకు హాల్ టికెట్ ఫోన్‌లోనే వచ్చింది, మార్కులు ఫోన్‌లోనే వచ్చాయి, ఎంట్రెన్స్ ర్యాంకూ ఫోన్‌లోనే వచ్చింది. బాగా చదువుకోమన్న నోటితోనే ఫోన్ ముట్టుకోవద్దనేవాళ్ళు. మగపిల్లలకు ఈ బాధ లేదు. వాళ్ళు రచ్చకట్ట మీద కూర్చొని బాహాటంగా చూసుకునేవాళ్ళు. ఆడపిల్లలం మాత్రం దొంగలం. నా పక్క బెంచీ పిల్ల తన ఫోన్‌ను జొన్నల గంపలో దాచేది. మోగకుండా పెట్టడం ఒకరోజు మరిచిపోయింది. జొన్నలు పాడుతున్నాయని వాళ్ళమ్మ హడలిపోయింది. తర్వాత ఆ పిల్లకు పడ్డ దెబ్బలు తలచుకుంటే ఇప్పటికీ నవ్వు రాదు.

పాలిటెక్నిక్ ఎంట్రెన్స్‌లో నాకు మంచి ర్యాంకు వచ్చింది. అనంతపురంలో హాస్టల్లో ఉండి ఎలక్ట్రికల్ చదవాలని నా ఆశ. ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే, బాగుచేసే మనిషి వచ్చేదాకా మా వాళ్ళు చేను ఎండబెట్టుకొని దారి చూడటం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ వచ్చే మనిషి నేనే ఎందుకు కాకూడదు అనిపించేది. పెదనాయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. "స్తంభాలెక్కే చదువు ఆడపిల్లకేంటికి? ఒద్దు." మా ఇంట్లో పెదనాయన వద్దన్నాక దాని మీద ఇంకో మాట ఉండదు. అమ్మ తల వంచుకుంది. నాయన గొర్రెల దగ్గర ఉన్నాడు. ఉన్నా ఏమీ అనేవాడు కాదు.

అంతకు ముందు బడిలో దరఖాస్తు నింపేటప్పుడు, ఎప్పుడూ ఆన్‌లో ఉండే నెంబరు రాయమ్మా అని మేడం చెప్పింది. మా వాళ్ళలో అలాంటి నెంబరు పెదనాయనదే. నాకు ముక్కు మీద కోపం. ఆయన నెంబరు రాయడానికి చెయ్యి రాలేదు. కన్నవాడు నాయన కదా అని నాయన నెంబరు రాశాను. రోజుకు ఇరవై మూడు గంటలు ఆఫ్‌లో ఉండే నెంబరు అది. ఆ పౌరుషం నన్ను ఎక్కడికి తెస్తుందో కౌన్సెలింగ్ ఆఖరి రోజున తెలిసింది.

ఆ రోజు అమ్మ కూలికి పోతూ, పెదనాయనకు తెలియకుండా నన్నూ అవ్వనూ ఆటో ఎక్కించింది. ఆడపిల్ల ఒంటరిగా పోకూడదు కాబట్టి నాయన తల్లి, మా అవ్వ, నాకు కాపలా. బెళుగుప్పలో నెట్ సెంటర్ నడిపే అన్న నా కాగితాలు చూసి, కాలేజీలు వరసగా ఎక్కించాడు. అంతా అయ్యాక, "ఓటీపీ పోయింది, చెప్పుమా" అన్నాడు.

"యాడికి పోయింది?" అంది అవ్వ.

"మీరిచ్చిన నెంబరుకు అవ్వా. ఆరంకెలు వచ్చింటాయి. అవి కొడితేనే ఇదంతా లెక్కలోకొస్తాది. ఈ పొద్దే ఆఖరు, సాయంత్రం మూసేస్తారు."

ఆ అంకెలు గార్లదిన్నె పొలాల్లో, ఆఫ్ చేసిన ఫోన్‌కు పోయాయి. అన్న తన ఫోన్ ఇస్తే నాయనకు చేశాను. స్విచ్ ఆఫ్. టైము పదకొండు కూడా కాలేదు. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకొని అక్కడే గడప మీద చతికిలబడింది. "గమ్మునుండుమే. గొర్రెలు పండుకునే పొద్దుకు తెరుస్తాడు. గొర్రెలు మీ కంప్యూటరు మాదిరి కాదు, టైముకు పండుకుంటాయి." నేను పదే పదే నొక్కుతూనే ఉన్నాను. ఆ రెండు గంటల్లో నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

పన్నెండు దాటి చాలాసేపయ్యాక రింగ్ పోయింది.

"ఎవురప్పా?"

"నాయనా, నేను."

"ఏమైందిమా? అవ్వ బాగుండాదా?"

మా ఇళ్ళల్లో కొత్త నెంబరు నుంచి ఫోన్ వస్తే ఎవరో పోయారని అర్థం. అవ్వ నా భుజం మీదుగా వంగి, "నేను సావలేదురా, ఈడనే ఉండా! పాప చెప్పేది విను" అని అరిచింది. నేను గబగబా చెప్పేశాను. నీ ఫోన్‌కు ఇప్పుడు ఆరంకెల నెంబరు వస్తాది, అది నాకు చెప్పాల, పది నిమిషాలే టైము అని. అన్న అప్పటికే కొత్త ఓటీపీ పంపించాడు.

నాయన మెల్లగా, "చెప్పను" అన్నాడు.

"ఏంటికి నాయనా?"

"ఆ నెంబరు ఎవురికీ చెప్పగూడదంట. ఈడ పొలం రైతన్న చెప్పినాడు. ఎవురెవురో ఫోన్ జేసి అడుగుతారంట, చెప్తే దుడ్లన్నీ పోతాయంట."

"నేను నీ కూతుర్ని నాయనా!"

"అట్లనే అంటారంట. కూతురి గొంతు గూడా పెడతారంట."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నెట్ సెంటర్ అన్న మాత్రం టేబుల్ మీద తల పెట్టుకొని నవ్వుతున్నాడు. బ్యాంకులో పైసా లేని మా నాయన, బ్యాంకు దొంగలకు భయపడి కన్నకూతురి దగ్గర ఓటీపీ దాస్తున్నాడు. అవ్వ ఫోన్ లాక్కొని నాలుగు తిట్లు తిట్టింది. అయినా ఆయన కదల్లేదు. చివరికి, "నా కూతురే అయితే ఒకటి చెప్పు. పోయినేడు మన మందలో రెండు పిల్లల్ని ఈనింది యా గొర్రె?" అన్నాడు.

"నల్లమొగం గొర్రె. ఎడమ చెవి కుక్క కొరికింది. ఒక పిల్ల చచ్చిపాయ. రెండోదానికి నేనే సీసాతో పాలు పట్టినా. నువ్వు దాన్ని అమ్ముతానంటే రెండు పొద్దులు కూడు తినలేదు."

"ఆఁ, నువ్వేమా!" అన్నాడు నాయన, ఏదో పోయిన సొమ్ము దొరికినట్టు. ఈలోగా పది నిమిషాలు అయిపోయాయి.

మళ్ళీ పంపమని అన్నకు చెప్పబోయాను. నాయన ఆపాడు. "ఉండుమా. ఈ నెంబరు చెప్తే ఏమయితాది?"

"అనంతపురంలో పాలిటెక్నిక్ సీటుకు నా పేరు ఎక్కుతాది. హాస్టల్లో ఉండి చదువుకుంటా. చెప్పకుంటే ఈ పొద్దుతో అయిపోతాది."

"మా అన్న ఒద్దన్నాడు గదా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. పెదనాయన ఒప్పుకున్నాడంటే చాలు, పని అయిపోయేది. ఎందుకో నోరు రాలేదు. "ఒద్దన్నాడు" అన్నాను.

అవతల గొర్రె మెడలో గంట కదిలిన చప్పుడు వినిపించింది. "ఆ నెంబరు మీ పెదనాయన ఫోన్‌కు గూడా వస్తాదా?"

"రాదు. నీకొక్కనికే వస్తాది."

"నేను చెప్తేనే పని అయితాదా?"

"నువ్వు చెప్తేనే."

మా నాయన సంగతి నాకు తెలుసు. ఎన్ని గొర్రెలు అమ్మాలో, బోరు ఎక్కడ వెయ్యాలో పెదనాయనే చెప్పేవాడు. నాయన పెళ్ళి కూడా పెదనాయనే కుదిర్చాడు. పిల్లను చూసుకుంటావా అని మాటవరసకైనా అడగలేదంట. నలభై ఏళ్ళు దాటిన మనిషిని, నీ మాట ఏమిటని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఆ రోజు ఎవరో, ఎక్కడో, ఏ కంప్యూటరో ఆయన్ను అడిగింది. ఆయన "పంపియ్యమను" అన్నాడు. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు.

పంపారు. ఇంకో చిక్కు. ఆయనకు అంకెలు చదవడం రాదు. చుట్టుపక్కల చదివిపెట్టే మనిషి లేడు, రైతు భోజనానికి ఇంటికి పోయాడు. అప్పుడు నాకు తట్టింది. "నాయనా, ఎర్ర బటన్ నొక్కి ఫోన్ పెట్టెయ్. నడిమి బటన్ నొక్కు, ఆ నెంబరు కనపడతాది. ఆరు గుర్తులుంటాయి. అట్లాంటి గుర్తే కింద బటన్ల మీద యాడుండాదో చూసుకో. యా వరసలో ఎన్నోదో గుర్తు పెట్టుకో. నేను మళ్ళ జేస్తా."

"మొత్తం ఆరేనా?" అన్నాడు. రెండు వందల గొర్రెల ముఖాలు విడివిడిగా గుర్తుపట్టే మనిషికి ఆరు గుర్తులు ఒక పనా!

నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. మూడు నిమిషాల తర్వాత చేశాను. పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. "రాసుకో. మూడో వరస, మొదటిది. నాలుగో వరస, నడిమిది. ఐదో వరస..."

"ఐదో వరస యాడిది నాయనా? నాలుగే గదా ఉండేది!"

"ఐదుండాయి గదమ్మా. పచ్చ బటన్‌ది ఒక వరస కాదా ఏంది?"

నా చేయి కీబోర్డు దాకా పోయి ఆగింది. ఆయన పచ్చ బటన్, ఎర్ర బటన్ ఉన్న వరసను మొదటిదిగా లెక్కపెట్టాడు. అడుగు వరసలోని సున్నా రాకపోయి ఉంటే నేను ఆరు తప్పుడంకెలు కొట్టి ఉండేదాన్ని. ప్రతి వరసకూ ఒకటి తగ్గించి మొత్తం మళ్ళీ చెప్పించుకున్నాను. నాలుగు, ఎనిమిది, సున్నా, మూడు, మూడు, ఏడు. చివరి అంకె చెప్తుంటే ఆయన ఫోన్ చార్జింగ్ అయిపోతోందని కూత పెట్టింది, మరుక్షణం ఆగిపోయింది. కొట్టిన అంకెలు ఆరూ ఉన్నాయా అని లెక్కపెట్టాను. సరిపోయింది. అన్న ఎంటర్ కొట్టాడు.

తెర మీద పచ్చటి పట్టీ వచ్చింది. "అయిపోయిందిమా" అన్నాడు అన్న. నేను కుర్చీలోంచి ఎగిరి అవ్వను వాటేసుకున్నాను. ఏమైందో అవ్వకు సగమే అర్థమైంది, అయినా బజారంతా వినపడేలా, "మావోడు చెప్పినాడు! గొర్రెల కాడ నుంచి చెప్పినాడు!" అని కేకలేసింది. టీ కొట్టు దగ్గరున్న వాళ్ళు లేచి చూశారు. ఆ రోజు బెళుగుప్పలో మమ్మల్ని మించిన వాళ్ళు లేరనిపించింది నాకు.

పది రోజులకు నేను కోరిన సీటే వచ్చింది. మూడేళ్ళు చదివాను. ఇప్పుడు ఒక సబ్‌స్టేషన్‌లో పనిచేస్తున్నాను. కరెంటు పోతే మా ఊరి నుంచి ఫోన్ చేసి, ఏమప్పా ఎప్పుడిస్తారు అని అడిగేది నన్నే. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు గర్వంగానే ఉంటుంది, దాచుకోను.

కానీ మా ఇంట్లో అసలు గెలుపు నాయన ఓటీపీ చెప్పిన మరునాటి మధ్యాహ్నం జరిగింది. సంగతి పెదనాయనకు తెలిసిపోయింది. అరుగు మీద నలుగురిని కూర్చోబెట్టుకొని, నన్ను వాకిట్లో నిలబెట్టి, ఎవరినడిగి పోయావని నిలదీస్తున్నాడు. అమ్మ మా ఇంటి తలుపు చాటున నిలబడి వింటోంది. అంతలో ఆయన ఫోన్ మోగింది. నాయన. పొలం రైతుతో నెంబరు నొక్కించుకొని, తనంతట తాను అన్నకు ఫోన్ చేయడం అదే మొదలు. పెదనాయన అలవాటు కొద్దీ స్పీకర్ పెట్టాడు.

"అన్నా, పాప అనంతపురం పోతాది."

"ఎవురు పొమ్మనింది?"

"నేను చెప్పినా."

"నన్నొక మాట అడగొద్దా?"

"నన్ను అడిగినారన్నా. నేను చెప్పినా. మంద లేస్తాండాది, పెడతా."

ఫోన్ ఆగిపోయింది. పెదనాయన ఆ ఫోన్‌ను జేబులో పెట్టుకొని లోపలికి వెళ్ళిపోయాడు. అమ్మ తలుపు చాటు నుంచి బయటికి వచ్చి, అరుగు మీద కూర్చున్న నలుగురి ముందు నుంచే నడిచి, నా పక్కన నిలబడింది.