మిలటరీ గేటు ముందు మా మేళం

మిలటరీ గేటు ముందు పొద్దున్నే పెళ్లి బ్యాండు మోగిస్తే ఏమవుతుందో మీలో ఎవరికీ తెలిసి ఉండదు. నాకు తెలుసు. తుపాకీ పట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడితే క్లారినెట్‌లోకి పోవాల్సిన గాలి ఎటు పోతుందో కూడా తెలుసు గానీ, అది మర్యాదస్తులకు చెప్పే సంగతి కాదు. ఇంత జ్ఞానం నాకు ఊరికే రాలేదు. మా ఆవిడ వాషింగ్ మెషిన్ ఖర్చయింది.

శాలిబండలో మాకో చిన్న బ్యాండు షాపు ఉంది. నేను యాదగిరిని. క్లారినెట్ వాయిస్తాను, బ్యాండు మాస్టర్‌ని కూడా. కొన్నేళ్ల కిందట మూఢం రోజుల్లో జరిగిందిది. ముహూర్తాలు లేవు, పెళ్లిళ్లు లేవు. ట్రంపెట్లు గోడకు గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. పెద్ద డ్రమ్ము వాయించే జహంగీర్ భాయ్ ఆ డ్రమ్ము మీదే టీ గ్లాసు పెట్టుకుని ఈగలు తోలుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది.

“బ్యాండు మాస్టర్ జీ? నేను ఆర్మీ కెప్టెన్‌ని” అంది హిందీలో ఓ గొంతు. అది ఎంత గంభీరంగా ఉందంటే, కూర్చున్నవాణ్ణి లేచి నిలబడి సెల్యూట్ కొట్టాను. ఫోన్లో సెల్యూట్ కనపడదన్న సంగతి చెయ్యి దించాక గుర్తొచ్చింది.

“రేపు పొద్దున మా పెద్ద సార్ రిటైర్మెంట్. మెహిదీపట్నం అవతల మా గేటు దగ్గర్నుంచి ఊరేగింపు. నీ బ్యాండు కావాలి.”

“జీ సాబ్! తప్పకుండా సాబ్!”

జహంగీర్ భాయ్ టీ గ్లాసు దించి అడిగాడు. “అరే యాదగిరీ, మిలటరోళ్లకు వాళ్ల బ్యాండే ఉంటది కదరా. మనమెందుకు?”

ఎంత చక్కని ప్రశ్న! అక్కడే ఆగి ఆలోచించి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ ఆశ అనేది మెదడుకు వేసే తాళం.

“వాళ్లకు కవాతు పాటలే వస్తయి భాయ్. పెద్ద సార్‌కు తీన్మార్ కావాలెనేమో” అన్నాను, పెద్ద సార్ నా మేనమామ అన్నంత ధీమాగా.

అంతలో కెప్టెన్ సాబ్ తన గుర్తింపు కార్డు ఫోటో పంపాడు. గుబురు మీసం, భుజాల మీద బంగారు తాళ్లు, వాటికి కుచ్చులు, నెత్తిన ఎర్ర ఈకల టోపీ. చూస్తుంటే దేశం మీద బెంగ తీరిపోయింది. పక్క షాపులవాళ్లక్కూడా చూపించి వచ్చాను.

ఇక అడ్వాన్సు సంగతి. “మిలటరీ ఖాతా పద్ధతి వేరు. నేను కోడ్ పంపిస్తా. నువ్వు స్కాన్ చేసి పిన్ కొట్టు, డబ్బు నీకు వస్తుంది. ముందు ఒక్క రూపాయితో చూద్దాం” అన్నాడు. స్కాన్ చేశాను. ఒక రూపాయి పోయింది. వెంటనే రెండు రూపాయలు వచ్చాయి! కోడి కూడా గుడ్డు పెట్టడానికి ఒక రోజు తీసుకుంటుంది. ఈ కోడ్ క్షణంలో పెట్టింది.

అప్పుడే మా ఆవిడ సునీత అన్నం టిఫిన్ పట్టుకుని వచ్చింది. సంగతంతా విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“పైసలు వచ్చేటందుకు పిన్ ఎందుకు కొట్టాలె?”

“నీకు మిలటరీ రూల్స్ ఎరుకనా?”

“నాకు నువ్వు ఎరుకనే గద. గందుకే అడుగుతున్న.”

మగాడి పౌరుషం దెబ్బతింది. దెబ్బతిన్న పౌరుషంతో అసలు కోడ్ స్కాన్ చేసి, ఆమె చూస్తుండగానే టకటకా పిన్ కొట్టాను. ఫోన్ టింగుమంది.

“సాబ్! పైసలు రాలే, పోయినయ్!”

“పోలేదు. ఉల్టా అయింది. సీదా కావాలంటే మళ్లీ స్కాన్ చెయ్యి.”

చేశాను. మళ్లీ టింగుమంది.

“ఇంకా ఉల్టానే ఉన్నది సాబ్!”

“నువ్వు గట్టిగా నొక్కుతున్నావు. మెల్లగా నొక్కు.”

అయ్యా, నేను మెల్లగా నొక్కాను. పసిపిల్ల బుగ్గ ముట్టుకున్నంత సుతారంగా నొక్కాను. ఖాతా కూడా అంతే సుతారంగా ఖాళీ అయింది. అందులో ఉన్నది సునీత చీటీ ఎత్తి వాషింగ్ మెషిన్ కోసం దాచుకున్న డబ్బు.

“ఫికర్ చెయ్యకు. మొత్తం రేపు గేటు దగ్గర పెద్ద సార్ స్వయంగా నీ చేతిలో పెడతాడు” అని కెప్టెన్ సాబ్ ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచాఫ్. సునీత నా వైపు చూసింది.

“మిలటరీ రహస్యాలు ఉంటయి. ఫోన్ బంద్ పెట్టుకుంటరు” అన్నాను. ఆమె టిఫిన్ తెరవకుండానే తిరిగి తీసుకుపోయింది.

తెల్లారగానే రెండు ఆటోల్లో మెహిదీపట్నం అవతల ఉన్న మిలటరీ గేటు దగ్గర దిగాం. గేటు మూసే ఉంది. పెద్ద సార్ ఇంకా లేవలేదేమో, మేళం వింటే లేస్తాడులే అనుకుని చెయ్యి ఊపాను. తీన్మార్ అందుకున్నాం. చెట్ల మీది కాకులన్నీ లేచాయి. పెద్ద సార్ తప్ప అందరూ లేచారు. తుపాకీ పట్టుకుని ఒక జవాను పరుగెత్తుకొచ్చాడు.

“బంద్ కరో!”

అందరం ఆపేశాం, జహంగీర్ భాయ్ తప్ప. ఆయన కళ్లు మూసుకుని వాయిస్తాడు. నిశ్శబ్దంలో ఆ ఒక్క డ్రమ్మే ఢాం ఢాం అంటుంటే, తుపాకీ డ్రమ్ము వైపు తిరిగింది. నేను వెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను.

లోపల్నుంచి తెల్లమీసాల హవల్దార్ వచ్చాడు. “ఎవరు పిలిచారు మిమ్మల్ని?”

“కెప్టెన్ సాబ్ పిలిచిండు సార్” అని ఫోన్లో ఫోటో చూపించాను.

ఆయన ఫోటో చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ ఫోటో చూశాడు. “ఈ కోటు ఏ రెజిమెంట్‌దో తెలుసా?”

“తెల్వదు సార్.”

“నీదే.”

తల వంచి చూసుకున్నాను. నా భుజాల మీద బంగారు తాళ్లు. వాటికి కుచ్చులు. తడుముకుంటే నెత్తిన ఎర్ర ఈకలు. జహంగీర్ భాయ్ ఫోటో మీదికి వంగి, “అరే, ఎవడో మన లెక్క బ్యాండోడే కదరా!” అన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఆ కోటులోనే తిరిగినవాణ్ణి, దానికే సెల్యూట్ కొట్టాను.

హవల్దార్ నవ్వు ఆపుకుని, సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కు దగ్గరుండి ఫోన్ చేయించాడు. “బ్యాంకుకు కూడా ఇప్పుడే చెప్పు, ఆలస్యం చెయ్యకు. ఒకటి గుర్తుపెట్టుకో. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టావంటే పోతున్నట్టే” అన్నాడు. పోతూ పోతూ నా నంబరూ, షాపు అడ్రసూ తీసుకున్నాడు.

కొన్నాళ్లకు కొంత డబ్బు వెనక్కి వచ్చింది. దాంతో వాషింగ్ మెషిన్ రాదు, బకెట్లు వస్తాయి. సునీత అందులో పెద్ద బకెట్ నా ముందు పెట్టి, “ఇగ గిదే మెషిన్. నువ్వే కరెంటు” అంది.

అలా నేను షాపు వెనక చీరలు పిండుతూ ఉండగా ఓ రోజు ఫోన్ మోగింది. “నేను ఆర్మీ హవల్దార్‌ని. మా తమ్ముడి కూతురి పెళ్లికి బ్యాండు...”

మిగతాది విననే లేదు. “ఓహో! కెప్టెన్ కెళ్లి హవల్దార్ అయినవా? పిన్ మెల్లగ కొట్టాలెనా, గట్టిగ కొట్టాలెనా?” అని మొదలుపెట్టి, నాకు వచ్చిన తిట్లన్నీ వరసగా వాయించాను. ఆయన మళ్లీ చేశాడు. నా తిట్లయిపోతే ఫోన్ జహంగీర్ భాయ్‌కి ఇచ్చాను. ఆయన ఉర్దూలో అందుకున్నాడు. కళ్లు మూసుకుని.

సాయంత్రం షాపు ముందు స్కూటర్ ఆగింది. దిగింది తెల్లమీసాల హవల్దార్. నా చేతిలోని చీర జారి బకెట్లో పడింది.

“బాగా నేర్చుకున్నావు, సంతోషం” అన్నాడాయన అడ్వాన్సు నోట్లు తీస్తూ. “కానీ మా అమ్మ నిన్నేం చేసింది బేటా?”

నోట్లు సునీత అందుకుంది. క్షమాపణ నేను అందుకున్నాను, చెప్పడానికి.

అందుకే, అడుసు తొక్కనేల, చీరలుతకనేల అని పెద్దలు చెప్పని మాట నేను చెబుతున్నాను. నా క్లారినెట్ మీద ఒట్టు. డబ్బు రావడానికి పిన్ కొట్టను. ఉల్టా అయినదాన్ని సీదా చెయ్యను. ఫోన్లో ఎవరి మీద అనుమానం వచ్చినా మర్యాదగా పెట్టేస్తాను. వాళ్ల అమ్మగారి జోలికి మాత్రం ఈ జన్మలో పోను.