బావి మోటారు ఆపిన రొట్టెల పిన్ని

అగ్నిమాపక అధికారి వచ్చి రొట్టెల పిన్ని పొయ్యికి సీలు వేసే సమయానికి, బల్లమీద పిండి పొంగి, కప్పిన తడిగుడ్డను పైకి నెడుతోంది. పిన్ని ఆ పిండివైపు ఒకసారి, ఆయన చేతిలోని లక్కవైపు ఒకసారి చూసింది.

"బాబూ, ఈ ఒక్క వాయీ కాల్చుకోనివ్వండి."

"ఇప్పుడు నిప్పు పెడితే రొట్టెలే కాదమ్మా, మీరూ కాలతారు."

మాట కరుకైనదే కానీ అబద్ధం కాదు. ఆవిరిని పసిగట్టడానికి ఆయన తెచ్చిన మీటరు గది మూలనున్న నేల పగులు దగ్గర పెట్టగానే కీచుమని అరిచింది. గోడ అవతల పెట్రోలు బంకు. అక్కడ నేలలో పాతిన గొట్టం ఒకటి అతుకు దగ్గర కారి, పెట్రోలు మట్టిలోకి దిగి, భూగర్భజలం మీద తేలుతూ ఇళ్ళ కిందికి వచ్చింది. దాని ఆవిరి పగుళ్ళ గుండా గదుల్లోకి ఎక్కుతోంది. వానలు పడి భూగర్భజలం పైకి లేస్తే ఆవిరి ఇంకా ఎక్కువవుతుంది కనుక, ఆలోగా అది పోకపోతే పొయ్యిని పడగొట్టించి గదిని శాశ్వతంగా మూయించక తప్పదని అధికారి తేల్చి చెప్పాడు.

ఆ ఇటుక పొయ్యి పిన్ని భర్త తన చేతులతో కట్టినది. ఆయన పోయిన తరువాత దాన్ని నమ్ముకునే ఆమె, ఆమె ఆడపడుచు బతికారు. పిన్ని రొట్టెలు కాల్చేది, ఆడపడుచు కొట్లో కూర్చుని అమ్మేది. వీధిలో ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా ఆమెను పిన్ని అనే పిలిచేవారు. పేరుపెట్టి పిలిచే హక్కు ఆడపడుచు ఒక్కతెకే ఉన్నా, ఆవిడ "ఏమే" అనడం దాటి ఎన్నడూ ముందుకు పోలేదు.

బంకు యజమానిని దొంగను చేసి మాట్లాడటం వీధికి తేలికైంది. న్యాయంగా చెప్పాలంటే, సంగతి తెలిసిన రోజే ఆయన ఆ లైను మూసి, నేల తవ్వించి, గొట్టం మార్పించాడు. కారడం ఆగింది కనుక తన బాధ్యత తీరిందనుకోవడమే ఆయన పొరపాటు. అప్పటికే మట్టిలోకి పోయినదాని గురించి ఆయన ఆలోచించలేదు.

వీధి కూడా ఒక పొరపాటు చేసింది. అందరికీ ఉమ్మడిగా ఉన్న బావి పిన్ని పెరటి పక్కనే ఉంది. నీరు చెడినప్పుడల్లా అడుగు కనిపించేదాకా తోడేసి, కొత్త ఊట రానివ్వడం అక్కడివాళ్ళకు తరతరాల అలవాటు. ఇప్పుడు బావి నీరు కూడా పెట్రోలు వాసన కొట్టడంతో అదే చేద్దామని పిన్ని పట్టుబట్టింది. మోటారును బావికి దూరంగా గాలి ఆడేచోట పెట్టించి, ఇంటికొకరు వంతులవారీగా కాపలా కాసేలా ఏర్పాటు చేసింది. తోడిన నీరు బంకువాళ్ళ ట్యాంకరులో శుద్ధికి పోయేది. ఇంత క్రమశిక్షణ ఆ వీధి అంతకుముందు చూడలేదు. అయినా వాసన నానాటికీ పెరిగింది.

"ఏమే, బావి తోడితే పోతుందన్నావు," అంది ఆడపడుచు. "ఇప్పుడు నా చీరల పెట్టె కూడా బంకు వాసనే. నన్ను చూసి ఎవడైనా బండి ఆపి ఫుల్ ట్యాంక్ కొట్టమంటాడేమో!"

"నీ నోటికి వేరే అగ్గి అక్కర్లేదు వదినా. మీటరువాడు వింటే దానికీ సీలేస్తాడు."

ఆ రోజుల్లోనే ప్రభుత్వం పంపగా మట్టి పరీక్షల ఇంజనీరు వచ్చింది. బంకు నుంచి బావి వరకు సన్నని బోర్లు వేయించి, వాటిలోకి గాజుగొట్టం దించి కొలతలు తీసుకున్నాక, వీధివాళ్ళను పిలిచి మోటారు ఆపమంది.

"బంకాయన తరఫున వచ్చావా తల్లీ?" అని టీకొట్టు మామయ్య ఎత్తిపొడిచాడు.

"కాదండీ. మీరు తోడినచోట నీటిమట్టం దిగిపోతోంది. చుట్టూ ఉన్న నీళ్ళన్నీ ఆ పల్లంలోకే వస్తాయి. పైన తేలే పెట్రోలు కూడా వాటితోనే వస్తుంది. దాన్ని బంకు కింద నుంచి మీ ఇళ్ళకిందికి మీరే లాక్కుంటున్నారు."

జనం గోలపెట్టారు. ఇన్నాళ్ళ శ్రమ బూడిదలో పోసిన పన్నీరేనా అని ఒకరు, చదువుకున్నవాళ్ళ మాటలు ఇలాగే ఉంటాయని ఒకరు. పిన్ని చెయ్యెత్తింది.

"ఈ అమ్మాయి చెప్పిందని ఆపను, మీరు అరిచారని నడపను. అమ్మాయ్, నా కళ్ళకు చూపించు."

ఇంజనీరు ఒప్పుకుంది. మోటారు నడుస్తుండగా పిన్ని గోడపక్క బోరులో కొలిచారు. గాజుగొట్టంలో నీటిపైన పెట్రోలు పొర స్పష్టంగా కనిపించింది, మర్నాటికి మరింత మందమైంది. కొన్నాళ్ళు మోటారు ఆపి కొలిచారు. పొర పెరగడం ఆగింది. అక్కడితో ఇంజనీరుకు చాలు, కానీ పిన్నికి చాలలేదు. ఒకసారి జరిగింది కాకతాళీయమూ కావచ్చునని మళ్ళీ నడిపించింది. పొర మళ్ళీ పెరిగింది.

అప్పుడామె వెళ్ళి స్విచ్చి కట్టేసి, వైరు కూడా పీకించి, అందరి ముందుకూ వచ్చి నిలబడింది.

"మిమ్మల్నందర్నీ నిద్రలు మానిపించి, పీడను ఇళ్ళలోకి తెచ్చింది నేనే. తిట్టేవాళ్ళు ఇప్పుడే తిట్టేయండి. రేపట్నుంచి పనుంది."

"నా వాటా నేను ముందే తిట్టేశాను," అంది ఆడపడుచు. "మిగతావాళ్ళు కానివ్వండి."

జనం నవ్వేశారు. తిట్టడానికి ఒక్కరూ ముందుకు రాలేదు.

ఇక తోడవలసింది బంకువైపు నుంచి. బంకు ఆవరణ మధ్యలో బావి తవ్వి, పెట్రోలును వెనక్కి లాగి, మట్టిలోని ఆవిరిని గొట్టాలతో పీల్చి, బొగ్గు నింపిన డ్రమ్ముల గుండా వడకట్టాలి. అందుకు సగం బంకు నెలల తరబడి మూతపడాలి. యజమాని ససేమిరా అన్నాడు. పిన్ని ఆడపడుచును వెంటబెట్టుకుని ఆయన గదికి వెళ్ళింది.

"మోటారు నడిపి లాక్కున్నది మీరే కదా పిన్నిగారూ? తప్పులో సగం మీది."

"లాగింది నేను. వీధి నడిమధ్యన నిలబడి ఒప్పుకున్నాను. కార్చింది మీరు. మీరెక్కడ నిలబడి ఒప్పుకుంటారో చెప్పండి, వచ్చి వింటాం."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, మూయవలసిన పంపులు లెక్కపెట్టుకున్నాడు. మర్నాడు సగం ఆవరణకు అడ్డుతాళ్ళు కట్టించింది ఆయనే. బోరు యంత్రం లోపలికి వస్తుంటే దారి చూపించిందీ ఆయనే.

పని నెమ్మదిగా సాగింది. కొలత తీసిన ప్రతిసారీ పిన్ని పక్కనే ఉండేది. ఒక్కొక్క బోరులో పొర పలచబడి, నీటిమీద రంగుల మెరుపుగా మాత్రమే మిగిలి, చివరకు మాయమైంది. ఆమె పొయ్యి గది మాత్రం మొండికేసింది. మబ్బులు పడుతున్నాయి. ఆ గది నేల పగలగొట్టి కిందికి మరో గొట్టం దించితే తప్ప లాభం లేదనీ, పొయ్యి పునాది కదిలే ప్రమాదం ఉందనీ ఇంజనీరు దాచకుండా చెప్పింది. పిన్ని ఆ ఇటుకలను చేత్తో తడిమి, "కానివ్వండి," అంది. పొయ్యికి ఒక పక్క సన్నని బీట పడింది. ఇటుకలు నిలిచాయి.

తొలి వాన కురవకముందే అధికారి వచ్చాడు. మీటరును గోడ వెంబడి, బీట వెంబడి, పొయ్యి లోపల, పదేపదే పెట్టి చూశాడు. అది కిక్కురుమనలేదు. బావి నీరు తాగడానికి ఇంకా పనికిరాదనీ, పరీక్షలు కొనసాగాలనీ రాసి, ఆ తరువాతే సీలు విప్పాడు.

చల్లారిన ఇటుకలకు తొందర పనికిరాదు. పిన్ని చిన్న మంటతో మొదలుపెట్టి, పొయ్యి కడుపు ఎర్రబడేదాకా ఓపికపట్టి, అప్పుడు తొలి వాయి లోపలికి తోసింది. కాలుతున్న రొట్టె వాసన వీధిలోకి రాగానే తలుపులు వరుసగా తెరుచుకున్నాయి. కొట్టు ముందు మొదలైన వరుస బంకు గోడ దాటిపోయింది. బంకు యజమాని పక్కనుంచి ముందుకు రాబోయాడు.

"అయ్యా, చివరికెళ్ళి నిలబడండి," అంది ఆడపడుచు.

ఆయన వెళ్ళి నిలబడ్డాడు. పిన్ని చేతులకంటిన పిండి దులుపుకుంటూ రెండో వాయికి ముద్దలు చేయడం మొదలుపెట్టింది.