మొదటి హారతి ఎవరికి

మా ఇంటికీ బావగారి ఇంటికీ నడుమ ఒకటే గోడ. అవతల ఏం వండినా నాకు వాసన వచ్చేది, ఎవరు నవ్వినా వినపడేది. రెండూ నాకు గిట్టేవి కావు. మా తోడికోడలు నాకంటే నాలుగేళ్లు పెద్దది. మగ్గానికి నూలు కండెలు చుట్టడంలో నా చేతికి సగం కూడా రాదు. అయినా ఏటా దసరాకు వరంగల్ కోటలోని అమ్మవారికి మా సాలెవాడ నుంచి వెళ్లే చీర ఆమె నెత్తి మీదే వెళ్లేది. నేసేది బావగారు, మోసేది ఆమె. డప్పుల వెనక గంప ఎత్తుకొని ఆమె నడుస్తుంటే, నేను పసుపు పళ్లెం పట్టుకొని ఆమె వెనక నడిచేదాన్ని. మొదటి హారతి ఆమెకు. వాడంతటికీ ఆ తరువాతే.

ఎందుకని అడిగితే అత్త గుడి ముందరి రాయి చూపించేది. కాకతీయుల కాలంలో రాజు మా వంశంలో పెద్దకొడుకు ఇంటికి, అంటే పెద్దింటికి, ఆ మర్యాద రాసిచ్చాడట. రాయి పైన సూర్యుడు, చంద్రుడు, కింద మాకెవరికీ చదవరాని అక్షరాలు. దానికే పసుపు పూసి, బొట్టు పెట్టి మొక్కేవాళ్లం. ఒక్క ఏడైనా ఆ గంప నా నెత్తికి రావాలని నేను మొక్కేదాన్ని.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నూలు దొరకక సగం మగ్గాలు ఊరికే ఉండేవి. అప్పుడే హైదరాబాదు నుంచి శాసనాలు చదివే పంతులు ఒకాయన వచ్చాడు. పసుపు పేరుకొని అక్షరాలు కనపడటం లేదన్నాడు. అమ్మవారికి కోపం వస్తుందని ఎవరూ తుడవడానికి ముందుకు రాలేదు. నేనే చింతపండూ పీచూ పట్టుకుపోయి తోమాను. ఆ రాతలో పెద్దింటి మాట లేకపోతే బాగుండునని తోమినంతసేపూ అనుకున్నాను.

ఆయన రాతి మీద తడికాగితం అతికించి, సిరా అద్ది, ఊడదీసి చదివాడు.

"ఇందులో మర్యాద సంగతేమీ లేదమ్మా. గుడి దీపానికి మగ్గానికింత పన్ను కట్టమని రాజు వేసిన ఆజ్ఞ ఇది."

ఆ పన్ను వసూలు చేసి తెచ్చే పని పెద్దింటివాడిది అయివుంటుందనీ, కాలం గడిచాక పన్ను పోయి చీర మిగిలి ఉంటుందనీ అన్నాడు.

నా కడుపు చల్లబడింది. పొద్దుగూకేలోగా వాడంతా తిరిగి చెప్పాను, అది మర్యాద కాదు, పన్ను అని. కులపెద్దలు కూర్చొని, రాతలో లేనప్పుడు ఇంటింటికీ వంతు వేసుకోవచ్చన్నారు. మొదటి వంతు మాదేనని పట్టుబట్టాను. మా ఆయన తల దించుకున్నాడు. తోడికోడలు గంప తెచ్చి మా గడపలో పెట్టింది.

దసరాకు మా ఆయన నేసిన చీరతో గంప నా నెత్తికి వచ్చింది. మొదటి హారతి కళ్లకద్దుకున్నాను. తిరిగి వస్తుంటే అరుగు మీద కూర్చున్న ఒకామె అడిగింది.

"ఏందే, పన్ను కట్టొచ్చినవా?"

అరుగులన్నీ నవ్వాయి. ఆ మాట వాళ్లకు నేర్పింది నేనే.

నవ్వనిది మా తోడికోడలొక్కతే. ఎదురొచ్చి నా నెత్తి మీది ఖాళీ గంప దించింది.

"అంచు మంచిగ కుదిరింది చెల్లె. అమ్మకు నిండుగున్నది చీర."

ఆమె మొహంలో కుళ్లు కోసం వెతికాను. ఇన్నేళ్లు నేను పడ్డదాంట్లో రవ్వంతైనా ఉంటుందనుకున్నాను. లేదు. ఆ నవ్వుల కంటే అదే నన్ను ఎక్కువ కాల్చింది. ఆమె లోపలికి పోయి చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది. దాహంతో నాలుక పిడచగట్టుకుపోయినా ఆ నీళ్లు నేను తాగలేదు.