బోరు నీళ్ల పాలకూర

జిన్నారం వైపు ఆడపిల్లల ప్రభుత్వ హాస్టల్‌కి నేను వార్డెన్‌ని. మొదట్లో కూరగాయలు నగరం నుంచి కాంట్రాక్టరు వ్యానులో వచ్చేవి, సగం వాడిపోయి. చుట్టుపక్కల చిన్న రైతుల దగ్గరే కొనండి, మందులు కొట్టకుండా పండించే ఆడవాళ్లకు ముందు అవకాశమివ్వండి అని ఆదేశాలు వచ్చినప్పుడు అందరికన్నా సంబరపడింది నేనే. ఊళ్లో మీటింగ్ పెట్టి మరీ చెప్పాను.

ముందుకొచ్చింది ఒకే ఒకామె. భర్త లేడు, మనవరాలిని తనే సాకుతోంది. నా మాట నమ్మి వరి మానేసి పాలకూర, తోటకూర, టమాట వేసింది. పొద్దున్నే ఆటోలో తెచ్చి దింపేది. పాలకూర పప్పు చేసిన రోజు పిల్లలు మళ్లీ మళ్లీ వేయించుకునేవారు.

వానాకాలం పోయాక, పంట నీళ్లకు కూడా పరీక్ష చేయించమన్నారు. ఆమె బోరులో చుట్టుపక్కల ఫ్యాక్టరీల రసాయనాలు తేలాయి. పంట వేయించే ముందే నేను నీళ్ల సంగతి ఆలోచించాల్సింది. ఫ్యాక్టరీల వైపు నుంచి ఆమె చేను పక్కగా పారే వాగు రంగు నాకు తెలియనిది కాదు.

చేనికి వెళ్లి నేనే చెప్పాను. ఆమె కూర కోస్తోంది.

"రేపటి నుంచి తీసుకోలేనక్కా. పిల్లలు తినేది కదా."

"నేను మందు కొడ్తలేను గద మేడం! పశువుల పెంటనే ఏస్తున్న."

"నీ తప్పేం లేదు. నీళ్లు బాగా లేవు."

కొడవలి పక్కన పెట్టింది. "మరి మేం గిదే తింటున్నం గద. నా మనమరాలు గీ నీళ్లే తాగుతది. దానికేం గాదా?"

మండలాఫీసులో చెప్తానని అని వెనక్కి తిరిగాను. మా నాన్న కోస్తా నుంచి వచ్చి ఇక్కడి మందుబిళ్లల ఫ్యాక్టరీలోనే రిటైరయ్యారు. నా చదువంతా ఆ జీతంతోనే సాగింది.

మండలాఫీసు చుట్టూ తిరిగితే ఆ ఊరికి తాగునీటి ట్యాంకరు వచ్చింది. చేనికి మంచి నీళ్లిచ్చే దారి మాత్రం దొరకలేదు. నీళ్లు బాగున్న కొండాపూర్ మండలం ఆడవాళ్లు ఇప్పుడు మా హాస్టల్‌కి మంచి కూరగాయలు పంపుతున్నారు. పై నుంచి తనిఖీకి వచ్చినవాళ్లు నన్ను మెచ్చుకుంటే తల దించుకుంటాను.

మొన్న పటాన్‌చెరు బస్సులో ఆమె కనిపించింది. ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి పోతోందట.

"ఏంది మేడం, గట్ల నిలబడ్డవ్? రా, కూసో," అని జరిగి చోటిచ్చింది.

కూర్చోలేకపోయాను. పనుందని చెప్పి, తర్వాతి స్టాపులోనే దిగిపోయాను.