సుమతి నడిచిందని చెప్పింది నేనే

ఈ మాట కొన్నేళ్లుగా నాలోనే ఉంది. మోస్తున్నాను అని రాయబోయి ఆగాను. మోస్తున్నానంటే ఏదో కష్టపడుతున్నట్టు ఉంటుంది. నేనేం కష్టపడలేదు. వేళకి తిన్నాను, హాయిగా నిద్రపోయాను, ప్రమోషన్ కూడా తీసుకున్నాను. కానీ వీల్‌చైర్‌లో ఎవరైనా ఎదురొస్తే నా చూపు దానంతటదే నేల మీదికి పోతుంది. చూసేవాళ్లు అది మర్యాద అనుకుంటారు. బరువంటూ ఉంటే అదే. మర్యాదస్తుడిలా కనిపించడం.

మీరెవరో నాకు తెలీదు. తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యం లేకే మీకు చెబుతున్నాను. నా పేరు రాయను. మిగతావాళ్ల పేర్లు మార్చాను.

నేను వాషింగ్టన్‌లో, విమాన కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న ఒక సంఘంలో పనిచేస్తాను. ప్రభుత్వం కొత్త రూల్ ఏదైనా తెస్తానంటే, అది ఎందుకు వద్దో చెప్పడం మా పని. సీట్లు ఇరుకు చేసి దాన్ని ప్రయాణికుల స్వేచ్ఛ అంటాం. రూల్ పెడితే టికెట్ ధర పెరిగి పేదవాళ్లు విమానం ఎక్కలేరని బాధపడతాం. ఆ పేదవాళ్లని మాలో ఎవరూ ఎప్పుడూ కలవలేదు. మా మీటింగుల్లో వీల్‌చైర్‌ని వీల్‌చైర్ అనరు, మొబిలిటీ డివైస్ అంటారు. దాన్ని విరగ్గొడితే విరగ్గొట్టాం అనరు, మిస్‌హ్యాండిల్ అయిందంటారు, అదేదో తనంతట తానే అయినట్టు. ఈ భాష నాకు ఎంత తొందరగా పట్టుబడిందంటే, కొత్తగా చేరినవాళ్లకి నేర్పే పని నాకే ఇచ్చారు. మనవాళ్ల పార్టీల్లో మాత్రం ఏవియేషన్ పాలసీలో ఉన్నానని చెప్పేవాణ్ణి. అందరూ ఐటీలో ఉన్నచోట ఆ మాట కాస్త గొప్పగా వినిపించేది.

రమణ నాతో పాటు ఎం.ఎస్. చేశాడు. న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాడు. సుమతి వాడి భార్య. నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. ఆమెకి కండరాలు మెల్లగా బలహీనపడే జబ్బు. ఇంట్లో గోడ పట్టుకుని నాలుగడుగులు వేయగలదు, బయటికొస్తే మోటారు వీల్‌చైర్ ఉండాల్సిందే. ఆమె నడుముకీ మెడకీ కొలతలు తీసి చేసిన కుర్చీ అది. దాని మీదే ఆఫీస్‌కి వెళ్లేది. ఒంటరిగా ఊళ్లు తిరిగేది. అది ఆమెకి గర్వం.

ఒకసారి ఆఫీస్ పని మీద ఒంటరిగా వెళ్లి తిరిగొస్తున్నప్పుడు, మధ్యలో విమానం మారాల్సిన చోట, విమానం అడుగున సామాన్లతో పాటు వేసిన ఆ కుర్చీ విరిగిపోయి బయటికొచ్చింది. సిబ్బంది ఆమెని గేటు దగ్గర ఒక సీట్లో కూర్చోబెట్టి, ఇంకో కుర్చీ తెస్తామని వెళ్లారు. చాలాసేపటిదాకా ఎవరూ రాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకి ప్రభుత్వం ఒక రూల్ ఆలోచించింది. కుర్చీ విరగ్గొడితే పూర్తి బాధ్యత కంపెనీదే. ప్రయాణికుల్ని అలా వదిలేసి వెళ్లిపోతే శిక్ష తప్పదు. ఆ రూల్ మీద వాషింగ్టన్‌లో ఒక కమిటీ బహిరంగ సమావేశం పెట్టింది. మాట్లాడాలనుకున్నవాళ్లు వచ్చి మాట్లాడొచ్చు. కమిటీలో కంపెనీల తరఫు సభ్యుడు కూడా ఉంటాడు, ప్రశ్నలు అడగొచ్చు. సుమతి మాట్లాడతానని పేరిచ్చింది. ఇచ్చి, నాకు ఫోన్ చేసింది. మీ ఫీల్డే కదా అన్నయ్యా, ఎలా మాట్లాడాలో కాస్త చెప్పండి అంది.

నేను అవతలి పక్క మనిషినమ్మా అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పానా? మేం కూడా లోపలి నుంచి మార్పు తేవాలనే చూస్తున్నాం అన్నాను. ఆ వాక్యం మా ఆఫీస్‌లో అందరం వాడతాం. దానికి అర్థం లేదు.

సమావేశానికి ముందురోజు వాళ్లిద్దరూ వ్యాన్‌లో డ్రైవ్ చేసుకుంటూ వర్జీనియాలో మా ఇంటికొచ్చారు. మధ్యాహ్నం రమణ, మా ఆవిడ ఇండియన్ స్టోర్‌కి వెళ్లారు. సుమతి నా ఎదుట కూర్చుని తన ప్రసంగం చదివింది. బాగుంది. భయం వేసేంత బాగుంది. తనని ఎలా వదిలేశారో, ఆ సీట్లో కదలకుండా ఎలా కూర్చుండిపోయిందో అంతా ఉంది.

చదవడం అయ్యాక, ఒక ముక్క చెప్పలేదన్నయ్యా అంది. ఆ రోజు రెస్ట్‌రూమ్‌కి వెళ్లాల్సి వచ్చింది. ఆపుకోగలిగినంతసేపు ఆపుకుంది. ఇక లాభం లేక గోడ పట్టుకుని నడిచింది. లోపలికి వెళ్లాక పడిపోయింది. ఎవరో ఆడవాళ్లు వచ్చి లేపేదాకా ఆ తడి నేల మీదే, తడిసిన బట్టలతో పడి ఉంది. రమణకి ఈ సంగతి తెలీదు. తెలిస్తే ఇంకెప్పుడూ ఒంటరిగా పంపడని చెప్పలేదట. ఈ ముక్క వదిలేస్తే అబద్ధం ఆడినట్టవుతుందా అని నన్ను అడిగింది.

కాదు, వదిలెయ్ అన్నాను. అదంతా అక్కడ ఎవరికి కావాలి అన్నాను. అప్పటికి నా మనసులో వేరే ఉద్దేశం లేదు. లేదనే అనుకుంటాను. ఈ విషయంలో నా మాట నాకే నమ్మబుద్ధి కాదు.

మర్నాడు సమావేశం మొదలయ్యే ముందు, హాలు బయట కాఫీ కప్పులతో నిలబడ్డాం. మా వైస్ ప్రెసిడెంట్ చిరాగ్గా ఉన్నాడు. న్యూజెర్సీ నుంచి వచ్చిన ఆవిడ మాట్లాడితే రేపు పేపర్లన్నీ అదే రాస్తాయి అన్నాడు. ఆమె గురించి ఎవరికైనా ఏమైనా తెలుసా అని ఊరికే అడిగాడు. ఎవరికీ తెలీదు. నాకు తెలుసు.

ఉద్యోగం పోతుందని భయపడి చెప్పానంటే మీరు కాస్త జాలిపడొచ్చు. ఆ అవకాశం మీకివ్వను. వీసా భయమా అంటే, గ్రీన్‌కార్డ్ అప్పటికే వచ్చేసింది. నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. ఆ గుంపులో ఎప్పుడూ చివర్న నిలబడి, అందరూ నవ్వాక నవ్వేవాణ్ణి. ఆ నిమిషంలో ఎవరికీ తెలియనిది నాకు తెలుసు. అందరూ నావైపు తిరుగుతారు. అంతే కారణం. ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే బాగుండునని ఎన్నోసార్లు వెతుక్కున్నాను. లేదు.

ఆవిడ నడవగలదు, ఆ రోజు రెస్ట్‌రూమ్‌కి తనే నడిచి వెళ్లింది అని చెప్పాను. పడిపోయిందని చెప్పలేదు. మర్చిపోయానా? లేదు, నోటిదాకా వచ్చింది. అది కూడా చెబితే నేను చెప్పినదానికి విలువ తగ్గుతుందని నాకు ఆ క్షణంలోనే తెలుసు.

నీకెలా తెలుసని ఆయన అడగలేదు. అలాంటివి అడక్కపోవడమే వాళ్ల చదువు. నా భుజం తట్టి, లోపల కూర్చున్న మా సభ్యుడి దగ్గరికి వెళ్లిపోయాడు.

సుమతి తొణక్కుండా మాట్లాడింది. హాలంతా విన్నది. మా సభ్యుడు ఆమెకి ఎంతో వినయంగా సానుభూతి తెలిపి, ఒక్క చిన్న ప్రశ్న అన్నాడు. కదలకుండా కూర్చుండిపోయానన్నారు కదా, ఆ రోజు మీరు రెస్ట్‌రూమ్‌కి ఎవరి సాయం లేకుండా నడిచి వెళ్లారా అని అడిగాడు. ఆమె రమణవైపు చూసింది. చాలాసేపు చూసింది. అవునంది. ఇంకేదో చెప్పబోయింది, టైమ్ అయిపోయిందన్నారు. మీ నిజాయితీకి థాంక్స్ అన్నాడు మా సభ్యుడు. నేను వెనక వరసలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. ఫోన్‌లో ఏమీ లేదు.

బ్యాగులు తీసుకెళ్లడానికి వాళ్లు సాయంత్రం మా ఇంటికొచ్చారు. రమణ ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికెళ్లాడు. వ్యాన్ పక్కన నేను, సుమతి మిగిలాం.

"ఆ సంగతి వాళ్లకెలా తెలిసింది అన్నయ్యా?" అంది.

"ఎయిర్‌పోర్ట్ నిండా కెమెరాలే కదమ్మా."

"అయితే పడింది కూడా కనిపించాలి కదా?"

"రెస్ట్‌రూమ్ లోపల కెమెరాలుండవు."

"అవును, ఉండవు," అంది. కుర్చీని వ్యాన్ వైపు తిప్పుకుంటూ, "మీరేం బాధపడకండి. వదిలెయ్యమన్నది నా మంచికే కదా," అంది.

ఆ కెమెరాల అబద్ధం కోసం నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అడిగేలోపే సిద్ధంగా ఉంది. నా చదువంతా, నా ఇంగ్లీషంతా, ఇన్నేళ్ల అనుభవమంతా ఆ ఒక్క వాక్యానికే పనికొచ్చింది.

ఆ ప్రశ్నా జవాబూ వీడియోగా నెట్‌లో తిరిగింది. నాటకాలాడే మనిషని ముక్కూమొహం తెలియనివాళ్లు తిట్టారు. పడిపోయిన సంగతి తెలిశాక రమణ ఆమెని ఒంటరిగా ఎక్కడికీ పంపడం మానేశాడు. కోపంతో కాదు, భయంతో. ఆమె ఉద్యోగం ఇంటి నుంచి చేసుకోవడం మొదలుపెట్టింది. రూల్ వచ్చింది గానీ, మాకు నచ్చని ముక్కలన్నీ ఇంకా పరిశీలించాలన్న పేరుతో పక్కకి పోయాయి. ఆఫీస్‌లో కేక్ కోశాం. నేను తిన్నాను.

మొన్న వేసవిలో అదే కమిటీ మళ్లీ కూర్చుంది. మేమంతా ఆఫీస్‌లో పెద్ద స్క్రీన్ మీద లైవ్ చూస్తున్నాం. సుమతి వచ్చింది. వస్తున్నట్టు నాకు చెప్పలేదు. కాగితం లేకుండా మాట్లాడింది. అవును, నడిచాను అంది. ఎందుకు నడవాల్సి వచ్చిందో, ఎక్కడ పడిందో, ఎలా పడి ఉందో, బట్టలతో సహా చెప్పింది. పోయినసారి ఈ ముక్క దాచాను, నేను నమ్మిన మనిషి వదిలెయ్యమంటే వదిలేశాను, అది నా పొరపాటు అంది. వెనక కూర్చున్న రమణ తల దించుకోలేదు. మా సభ్యుడు ప్రశ్నలేమీ లేవన్నాడు.

మా వైస్ ప్రెసిడెంట్ నావైపు తిరిగాడు. అప్పుడు నువ్వు మాకు సంగతి అందించింది ఈవిడ గురించే కదా అన్నాడు, కొత్తగా చేరినవాళ్లందరి ముందు, మెచ్చుకోలుగా. అవునన్నాను.

ఆమెకి తెలుసా? నమ్మిన మనిషి అన్నప్పుడు ఆమె గొంతులో ఏముందో రికార్డింగ్ ఎన్నిసార్లు విన్నా నాకు తేలలేదు. ఆ తర్వాత ఆమె నాకు ఫోన్ చేయలేదు. తెలిసి చేయడం లేదా, తెలియక చేయడం లేదా? నేనే చేసి అడగొచ్చు. చేయలేదు. రాజీనామా చేశానని రాస్తే మీకు బాగుండేది. అదీ చేయలేదు. సోమవారం మామూలుగానే ఆఫీస్‌కి వెళ్లాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సిన మనిషిని అడగలేనివాడు దారినపోయేవాళ్లని అడగడం ఇంకో నాటకం. ఆ రోజు హాల్లో ఆ ప్రశ్న అడిగిన గొంతు వేరేవాడిది, మాట నాది. కెమెరా లేదు, ఏమీ లేదు. నేనే. ఇది రాసినంత మాత్రాన నేనేం బాగుపడలేదు. కానీ రాస్తుంటే, ఇన్నేళ్లలో మొదటిసారి, ఒక వాక్యాన్ని మార్చకుండా ఉన్నదున్నట్టు రాయగలిగాను. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ మాత్రం సుఖానికి కూడా నాకు అర్హత లేదని తెలుసు. అయినా తీసుకుంటున్నాను.